ఓడినవాడి వాకిట్లో గెలిచినవాడి నాటకం: ఈస్కిలస్ 'పర్షియన్లు' మీద గొడవేమిటి?

పశ్చిమాసియాలో యుద్ధం వచ్చినప్పుడు యూరప్‌లోనో అమెరికాలోనో ఏదో ఒక నాటక సంస్థ ప్రాచీన గ్రీకు కవి ఈస్కిలస్ రాసిన 'పర్షియన్లు' నాటకాన్ని బయటకు తీయడం చాలాసార్లు జరిగింది. దాని వెనకే చర్చ కూడా మొదలవుతుంది. ప్రపంచంలో మొట్టమొదటి యుద్ధ వ్యతిరేక నాటకం ఇదేనని ఒకరంటారు. కాదు, తూర్పు దేశాల వాళ్లంటే రాజుకు దణ్ణాలు పెట్టుకుంటూ గుండెలు బాదుకునే జనమన్న చిన్నచూపు ఇక్కడే పుట్టిందని ఇంకొకరంటారు. ఇద్దరూ మాట్లాడేది ఒకే నాటకం గురించి. సాక్ష్యంగా చూపించే పంక్తులు కూడా తరచుగా అవే.

పూర్తిగా మనదాకా వచ్చిన గ్రీకు నాటకాల్లో అన్నిటికన్నా పాతది ఇదే. క్రీ.పూ. 472లో ఏథెన్స్‌లో ఆడారు. మొత్తం 1,077 పంక్తులు, ఏకబిగిన ఆడితే గంటన్నర పట్టొచ్చు. ఇంత చిన్న నాటకం మీద ఇంత వాదన ఎందుకో తెలియాలంటే ముందు అది ఎవరి ఎదుట, ఎప్పుడు ఆడారో చూడాలి.

అప్పటి ట్రాజెడీ ఎలా ఉండేది

ట్రాజెడీ అనగానే చివర్లో హీరో చచ్చిపోయే కథ గుర్తొస్తుంది. ఈ నాటకంలో రంగస్థలం మీద ఎవరూ చావరు. ఓడిన రాజు బతికే ఇంటికొస్తాడు. ఏథెన్స్‌లో ట్రాజెడీ అంటే వసంతకాలంలో డయోనైసస్ దేవుడి ఉత్సవంలో, పోటీలో భాగంగా, పాటతో, నాట్యంతో ఆడే గంభీరమైన నాటకం. ముగ్గురు కవులు పోటీ పడేవారు. ఒక్కొక్కరు మూడు ట్రాజెడీలు, ఆ తర్వాత సాటర్ నాటకం అనే ఒక అల్లరి నాటకం, మొత్తం నాలుగు ఇవ్వాలి.

వీటిలో సగం పని కోరస్‌ది. కోరస్ అంటే పాడుతూ ఆడే బృందం. ఈస్కిలస్ కాలంలో పన్నెండు మంది ఉండేవారని ఎక్కువమంది పండితుల లెక్క. జంట పిల్లనగోవి లాంటి ఆలోస్ అనే వాద్యం వాళ్లకు తోడు. నటులు ఇద్దరే. అందరూ మగవాళ్లే, అందరికీ ముసుగులే. రెండో నటుణ్ణి ప్రవేశపెట్టింది ఈస్కిలసేనని అరిస్టాటిల్ రాశాడు. అంటే అంతకుముందు ఒక్క నటుడు, ఒక కోరస్, అంతే.

ఖర్చెవరిది? ఏటా కొందరు ధనవంతులకు ఏథెన్స్ ఈ భారం అప్పగించేది. కోరస్ బట్టలు, శిక్షణ అన్నీ వాళ్ల జేబులోంచే. అలాంటివాణ్ణి కోరెగోస్ అనేవారు. దాదాపు పన్ను లాంటిదే గానీ పేరు కూడా వచ్చే పన్ను. 'పర్షియన్లు' కోరెగోస్ పేరు రాతి శాసనంలో మిగిలింది: పెరిక్లీస్. అప్పటికి ఇరవై దాటిన కుర్రాడు. తర్వాతి కాలంలో ఏథెన్స్‌ను నడిపించి, పార్థినాన్ గుడి కట్టించిన పెరిక్లీస్ ఇతనే. ఆ ఏడాది మొదటి బహుమతి ఈస్కిలస్‌కే వచ్చింది.

ఎనిమిదేళ్ల కిందటి యుద్ధం

గ్రీకు ట్రాజెడీలు మామూలుగా పురాణ కథలు చెబుతాయి. ట్రాయ్, థీబ్స్, దేవతల శాపాలు. పూర్తిగా మిగిలిన ముప్ఫై పైచిలుకు ట్రాజెడీల్లో అప్పటి తాజా చరిత్రను కథగా తీసుకున్నది ఇదొక్కటే.

ఆ చరిత్ర ఇది. క్రీ.పూ. 490లో పర్షియా (అంటే పాతకాలపు ఇరాన్) చక్రవర్తి డరయస్ పంపిన సేన మారథాన్ దగ్గర ఏథెన్స్ చేతిలో ఓడింది. పదేళ్ల తర్వాత, 480లో, అతని కొడుకు జెర్క్సీస్ స్వయంగా బయల్దేరాడు. సముద్రపాయ మీద పడవలు వరసగా కట్టి వంతెన వేసి, సైన్యాన్ని ఆసియా నుంచి యూరప్‌కు దాటించాడు. ఏథెన్స్ జనం ఊరు ఖాళీ చేశారు. పర్షియన్లు వచ్చి ఊళ్లోని అక్రోపోలిస్ కొండ మీది గుళ్లు తగలబెట్టారు. ఆ తర్వాత సలామిస్ ద్వీపం దగ్గర ఇరుకైన సముద్రంలో గ్రీకు నౌకలు పర్షియన్ నౌకాదళాన్ని చావుదెబ్బ కొట్టాయి. మరుసటి ఏడాది ప్లటాయా దగ్గర నేల మీద కూడా పర్షియా ఓడింది.

ఈస్కిలస్ మారథాన్‌లో పోరాడాడు. అతని అన్నదమ్ముల్లో ఒకడైన కినెగైరస్ అక్కడే చనిపోయాడు. ఈస్కిలస్‌దిగా చెప్పే సమాధి పద్యంలో మారథాన్ ప్రస్తావన ఉంది గానీ నాటకాల ఊసే లేదు. సలామిస్‌లో కూడా ఉన్నాడని పాత రచయితలు చెబుతారు.

ఇప్పుడు 472లో ప్రేక్షకులు కూర్చున్న చోటు చూడండి. అక్రోపోలిస్ కొండకు దక్షిణపు వాలు. మనం ఈరోజు అక్కడ చూసే రాతి మెట్లు తర్వాతి కాలానివి. అప్పటికి చెక్క బల్లలే. వాళ్ల తల మీద, కొండపైన, పర్షియన్లు కాల్చిన గుళ్లు ఇంకా శిథిలాలుగానే ఉన్నాయి. పార్థినాన్ పని మొదలవడానికి ఇంకా పాతికేళ్లుంది. బల్లల మీద కూర్చున్న మగవాళ్లలో చాలామంది సలామిస్‌లో తెడ్డు వేసినవాళ్లే. అన్నిటికీ మించి, జెర్క్సీస్ బతికే ఉన్నాడు, సింహాసనం మీదే ఉన్నాడు. 465 దాకా అతన్ని ఎవరూ చంపలేదు. యుద్ధం కూడా అధికారికంగా ముగియలేదు.

అంతకుముందు ఒక కవికి పడిన జరిమానా

తాజా చరిత్రను రంగస్థలానికి తేవడం ఈస్కిలస్ మొదలుపెట్టింది కాదు. ఫ్రినికస్ అనే కవి అతనికన్నా ముందు ఆ పని చేసి దెబ్బతిన్నాడు. క్రీ.పూ. 494లో మిలేటస్ అనే గ్రీకు నగరాన్ని పర్షియన్లు నేలమట్టం చేశారు. ఏథెన్స్‌కు అది బంధువుల ఊరు లాంటిది. ఫ్రినికస్ ఆ పతనాన్నే నాటకంగా ఆడిస్తే ప్రేక్షకులంతా భోరుమన్నారు. "మన ఇంటి కష్టాలు మనకే గుర్తుచేశాడు" అని అతనికి వెయ్యి డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవరూ ఆడకూడదని కట్టడి చేశారు. ఈ సంగతి గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

దాంతో ఫ్రినికస్ తెలివి తెచ్చుకున్నట్టున్నాడు. తర్వాత 'ఫినీషియన్ స్త్రీలు' అనే నాటకంలో ఏడుపును శత్రువుల ఇంటికి మార్చాడు. సలామిస్ ఓటమి కబురు పర్షియాకు చేరడమే దాని కథ. ఈస్కిలస్ ఈ నాటకాన్ని నమూనాగా తీసుకున్నాడని పాతకాలపు వ్యాఖ్యాతలే చెప్పారు. తేడా ఒక్క చోట కనిపిస్తుంది. ఫ్రినికస్ నాటకం మొదట్లోనే ఒక సేవకుడు వచ్చి కుర్చీలు సర్దుతూ ఓటమి సంగతి చెప్పేస్తాడు. ఈస్కిలస్ ఆ కబురును దాదాపు 250 పంక్తుల దాకా ఆపాడు. అప్పటిదాకా ముసలి మంత్రులు "ఇంకా కబురు రాలేదేం?" అని ఒకటే టెన్షన్. ఫలితం తెలిసిన ప్రేక్షకుల ముందు ఫలితం తెలియని మనుషులను అంతసేపు నిలబెట్టడమే ఈ నాటకం బలమని నాకనిపిస్తుంది.

నాటకంలో జరిగేది

చోటు పర్షియా రాజధాని సూసా. ముందు కోరస్‌గా మంత్రులు వస్తారు. యుద్ధానికి వెళ్లిన సేనానుల పేర్లు వరసగా చదువుతారు. తర్వాత రాజమాత రథం మీద, పూర్తి అలంకరణతో వస్తుంది. చరిత్రలో ఆమె పేరు అటోస్సా. నాటకంలో మాత్రం ఎవరూ ఆమెను పేరుతో పిలవరు. ఆమెకు పీడకల వచ్చింది: ఇద్దరు అందమైన స్త్రీలను కొడుకు ఒకే కాడికి కట్టి రథం లాగించబోయాడు, ఒకామె బుద్ధిగా లాగింది, రెండో ఆమె కాడి విరిచేసింది, కొడుకు కిందపడ్డాడు.

వార్తాహరుడు వస్తాడు. నౌకాదళం పోయింది. మళ్లీ పేర్ల వరస, ఈసారి చనిపోయినవాళ్లవి. రాజమాత వెళ్లి తిరిగొస్తుంది, ఈసారి రథం లేదు, నగలు లేవు, కాలినడకన. చేతిలో తర్పణానికి పాలు, తేనె, నీళ్లు, ద్రాక్షసారా. వాటితో చనిపోయిన భర్త డరయస్‌ను సమాధి నుంచి లేపుతారు. దయ్యమై వచ్చిన డరయస్ కొడుకును తిడతాడు: సముద్రాన్ని బానిసలా సంకెళ్లతో కట్టబోయాడు, దేవుళ్లనే ధిక్కరించాడు. ప్లటాయాలో ఇంకో దెబ్బ తగులుతుందని కూడా చెప్పి సమాధిలోకి వెళ్లిపోతాడు. చివర్లో జెర్క్సీస్ చినిగిన బట్టలతో, ఖాళీ అయిపోయిన అమ్ములపొదితో వస్తాడు. అతనూ కోరసూ కలిసి ఏడుస్తారు. అంతే కథ.

ఒక చిక్కు ఉంది. కొడుకు చినిగిన బట్టలతో వస్తున్నాడని విని రాజమాత కొత్త బట్టలు తేవడానికి వెళుతుంది. కానీ తిరిగి రాదు. తల్లీకొడుకులు కలుసుకోరు. నటులు ఇద్దరే కాబట్టి రాజమాత వేసినవాడే జెర్క్సీస్ కూడా వేసి ఉంటాడు, అందుకే కలుసుకోలేదని కొందరంటారు. కలిసి ఓదార్చుకుంటే రాజు పతనం పలచబడిపోతుంది, అందుకే కవి కావాలనే తప్పించాడని ఇంకొందరు. రెండూ ఒకేసారి నిజం కాకూడదని ఏమీ లేదు.

ఇంకో సంగతి మొదటిసారి చదివినప్పుడు తట్టదు. ఇన్ని పర్షియన్ పేర్లున్న నాటకంలో యుద్ధం గెలిచిన గ్రీకు మనిషి పేరు ఒక్కటి కూడా లేదు. మన సైన్యం గెలిచిన యుద్ధం మీద మనవాళ్లే సినిమా తీసి, కథంతా అవతలి దేశాధినేత ఇంట్లోనే నడిపి, మన హీరో పేరు ఎక్కడా ఎత్తకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. పైగా దానికే మొదటి బహుమతి ఇవ్వడం.

ఒకే పంక్తులు, రెండు చదువులు

వాదన ఎక్కడ పుడుతుందో రెండు ఉదాహరణల్లో చూద్దాం.

మొదటిది వార్తాహరుడి వర్ణన. ఓడలు బోల్తాపడ్డాయి, సముద్రం శవాలతో నిండింది. నీళ్లలో తేలుతున్న పర్షియన్లను గ్రీకులు విరిగిన తెడ్లతో, చెక్క ముక్కలతో, వలలో పడ్డ ట్యూనా చేపలను బాదినట్టు బాదారు అంటాడు. ఏథెన్స్ నావికుడు ఇది విని ఎలా స్పందించి ఉంటాడు? అది తన చేత్తో చేసిన పని. ఛాతీ పొంగి ఉండొచ్చు. కానీ ఆ మాట వస్తున్నది చావు తప్పించుకొచ్చిన పర్షియన్ నోటి నుంచి, వింటున్నది పర్షియన్ తల్లులు, తండ్రుల తరఫున నిలబడ్డ మనుషులు. చేపలను బాదినట్టు బాదారన్న మాటలో వీరత్వం కన్నా కసాయితనం ఎక్కువ వినిపిస్తుంది. పొగడ్త అనుకున్నవాడికి పొగడ్త, నింద అనుకున్నవాడికి నింద.

రెండోది రాజమాత ప్రశ్నలు. ఏథెన్స్ ఎక్కడుంది? అంత దూరంలో ఉన్న ఊరు నా కొడుక్కెందుకు? వాళ్ల దగ్గర డబ్బుందా? ఉంది, భూమిలోంచి ఉబికే వెండి ఊట ఉంది. వాళ్లను ఏలే కాపరి ఎవరు? దానికి కోరస్ జవాబు: వాళ్లు ఏ మనిషికీ బానిసలమని, అణిగి ఉండేవాళ్లమని చెప్పుకోరు. ఈ మాట దగ్గర బల్లల మీద చప్పట్లు పడి ఉంటాయని ఊహించడం కష్టం కాదు. అయితే అంతకు నాలుగు పంక్తుల ముందు చెప్పిన వెండి లారియం గనులది. ఆ గనుల్లో తవ్వింది బానిసలు. ఆ వెండితోనే ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ సలహా మీద ఏథెన్స్ యుద్ధ నౌకలు కట్టింది. ఈస్కిలస్ ఈ రెండూ పక్కపక్కన పెట్టింది ఎత్తిపొడవడానికని నేననను. అప్పటి ప్రేక్షకుడికి అది తట్టి ఉండకపోవచ్చు కూడా. ఈనాటి ప్రేక్షకుడికి మాత్రం తట్టకుండా పోదు.

పండితులు ఎటువైపు?

ఒక వర్గం దీన్ని విజయగీతంగానే చదువుతుంది. సాహిత్య విమర్శకుడు ఎడ్వర్డ్ సయీద్ 1978లో ఓరియంటలిజం (తూర్పు దేశాల మీద పడమటివాళ్ల చూపు) మీద రాసిన పుస్తకంలో, తూర్పును పడమర తన ఊహతో మాట్లాడించడానికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా ఈ నాటకాన్ని ఎత్తి చూపాడు. గెలిచినవాడే ఓడినవాడి నోట్లో మాటలు పెట్టాడన్నది ఆయన అభ్యంతరం. గ్రీకు సాహిత్య పండితురాలు ఈడిత్ హాల్ 1989లో ఇంకా వివరంగా రాసింది: విలాసం, అతి ఏడుపు, రాజుకు సాష్టాంగం, ఆడతనం అని అప్పటి గ్రీకులు అనుకున్నవన్నీ పర్షియాకు అంటగట్టి, వాటికి ఎదురుగా గ్రీకు తనను తాను నిర్వచించుకున్నాడని.

రెండో వర్గం అడిగేది ఇది: ఎక్కడ వెటకారం ఉంది, చూపించండి? డరయస్ హుందాగా ఉంటాడు. రాజమాత మీద గౌరవం కలుగుతుంది. రాజమాత కలలో గ్రీసు, పర్షియా ఇద్దరూ ఒకే వంశపు అక్కచెల్లెళ్లు. శత్రువులకు ఇంత మనిషితనం ఇచ్చిన రాతలు ఏ కాలంలోనైనా తక్కువే.

మూడో చదువు ఏథెన్స్‌నే హెచ్చరించిందంటుంది. క్రీ.పూ. 478 తర్వాత ఏథెన్స్ నాయకత్వంలో గ్రీకు నగరాల డీలోస్ కూటమి ఏర్పడింది. పర్షియా మీద పోరు పేరుతో మొదలైన ఆ కూటమి మెల్లగా ఏథెన్స్ సామ్రాజ్యంగా మారింది. ఉన్నది చాలదని పరాయి సొమ్ముకు ఆశపడి పెద్ద భాగ్యాన్ని ఒలకబోసుకోవద్దు అని డరయస్ చెప్పే మాట సూసాకేనా, ఏథెన్స్‌కు కూడానా?

స్థానిక రాజకీయం కూడా ఒకటుంది. గ్రీకు శిబిరం నుంచి ఒకడు వచ్చి జెర్క్సీస్‌ను మోసగించాడని వార్తాహరుడు చెబుతాడు. అది థెమిస్టోక్లీస్ ఎత్తుగడ అని అక్కడ అందరికీ తెలుసు. నాటకం ఆడిన రోజుల్లోనే ఆయన పలుకుబడి పడిపోతోంది. ఆ తర్వాత కొద్ది కాలానికే దేశబహిష్కారం. ఇది ఆయనకు మద్దతు నాటకమని కొందరి వాదం. విచిత్రమేమిటంటే, ఆ థెమిస్టోక్లీసే చివరికి జెర్క్సీస్ కొడుకు కొలువులో ఆశ్రయం పొందాడు.

నా మటుకు నాకు మొదటి రెండు వర్గాల్లో ఏదీ పూర్తిగా ఓడినట్టు అనిపించదు. సయీద్ చెప్పింది నిజమే: మాటలు పర్షియన్లవి కావు. కానీ గ్రీకు ప్రేక్షకుడి చేత గంటన్నర సేపు శత్రువు ఏడుపు వినిపించిందీ ఈ మాటలే.

చరిత్రగా నమ్మవచ్చా?

కొంతవరకే. సలామిస్ గురించి ఆ తరం మనిషి రాసింది కాబట్టి చరిత్రకారులకు ఇది బంగారమే. గ్రీకు ఓడలు 310 అంటాడు. అర్ధ శతాబ్దం తర్వాత రాసిన హెరొడోటస్ 380 దాకా చెబుతాడు. పర్షియన్ ఓడల లెక్క ఇంకా తికమక: వెయ్యి అని, వేగంగా పోయేవి 207 అని ఉంది. ఆ 207 వెయ్యిలో భాగమా, వెయ్యికి అదనమా అని ఇప్పటికీ తేలలేదు.

డరయస్ పాత్ర మాత్రం కవి కల్పనే. సముద్రం మీద వంతెన కట్టినందుకు కొడుకును తిట్టే ఈ డరయస్, చరిత్రలో తానే బోస్ఫరస్ జలసంధి మీద వంతెన వేయించినవాడు. మారథాన్‌కు సేనను పంపిందీ ఇతనే. కొడుకు తప్పు పెద్దగా కనిపించాలంటే తండ్రి మంచివాడు కావాలి. నాటకానికి అది కావలసి వచ్చింది.

ఆ తర్వాత ఆడినవాళ్లు

ఈస్కిలస్ బతికుండగానే సిసిలీలోని సిరక్యూస్ పాలకుడు హియెరోన్ కోరిక మీద అక్కడ మళ్లీ ఆడించాడని పాత గ్రంథాలు చెబుతాయి. క్రీ.పూ. 405లో అరిస్టోఫనీస్ హాస్య నాటకం 'కప్పలు'లో డయోనైసస్ దేవుడు ఈ నాటకాన్ని తలచుకుని, కోరస్ చేతులు చరుస్తూ కేకపెట్టిన చోటు తనకెంతో నచ్చిందంటాడు. అంటే దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఏథెన్స్ జనానికి ఇది గుర్తుంది.

ఈస్కిలస్ రాసినవి డెబ్బై నుంచి తొంభై దాకా అని లెక్క. అతని పేరు మీద మిగిలినవి ఏడు. అందులో 'పర్షియన్లు' బతకడానికి బైజాంటియం (మధ్యయుగాల తూర్పు రోమన్ సామ్రాజ్యం) పాఠశాలలు పెద్ద సాయం చేశాయి. అక్కడ ఈస్కిలస్ పాఠంగా చెప్పిన మూడు నాటకాల్లో ఇదొకటి కావడంతో చేతిరాత ప్రతులు ఎక్కువ పుట్టాయి.

ఆధునిక కాలంలో దీని ప్రయాణం అర్థం చేసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: పర్షియా స్థానంలో ఎవరిని పెట్టారు? 19వ శతాబ్దంలో జవాబు టర్కీ. గ్రీకు స్వాతంత్ర్య పోరాటం మొదలైన ఏడాది, 1821లో, ఇంగ్లిష్ కవి షెల్లీ ఈ నాటకం నమూనా మీద 'హెల్లాస్' రాశాడు. సూసా బదులు కాన్‌స్టాంటినోపుల్ అంతఃపురం, జెర్క్సీస్ బదులు సుల్తాన్ మహమూద్. ముందుమాటలో ఈస్కిలస్ రుణం ఒప్పుకున్నాడు కూడా.

1993లో దిశ తిరిగింది. అమెరికన్ దర్శకుడు పీటర్ సెల్లర్స్, రాబర్ట్ ఆలెటా చేత కొత్త పాఠం రాయించి, గల్ఫ్ యుద్ధం తర్వాతి ఇరాక్‌ను పర్షియా చోట పెట్టాడు. దాంతో గెలిచిన దేశం అమెరికా అయింది. బాంబులు వేసినవాళ్లను తిట్టే మాటలు అమెరికన్ ప్రేక్షకుడే కూర్చుని వినాలి. సాల్జ్‌బర్గ్, ఎడిన్‌బరో తర్వాత లాస్ ఏంజెలెస్‌లో ఆడినప్పుడు చాలామంది మధ్యలో లేచి వెళ్లిపోయారు. డరయస్ దయ్యం పాత్రను హోవీ సీగో అనే బధిర నటుడు సైగల భాషలో చేశాడు. చచ్చిపోయిన రాజు మాటలు ఇంకొకరు పలకాల్సి రావడం, ఆ సన్నివేశానికి భలే కుదిరింది.

ఇరాక్ మీద రెండో యుద్ధం జరిగిన 2003లో న్యూయార్క్‌లో ఎలెన్ మెక్‌లాఫ్లిన్ రాసిన పాఠాన్ని ఆడారు. 2010లో వేల్స్ జాతీయ నాటక సంస్థ ప్రేక్షకులను బస్సుల్లో బ్రెకన్ బీకన్స్ కొండల్లోని సైనిక శిక్షణ ప్రాంతానికి తీసుకెళ్లింది. అక్కడ సైనికులు వీధి పోరాటం నేర్చుకోవడానికి కట్టిన ఉత్తుత్తి పల్లె ఉంది, మనుషులుండని ఇళ్లు. దర్శకుడు మైక్ పియర్సన్, పాఠం కేట్ ఒరైలీది. అలాంటి చోట ఆడితే ఇది ఫలానా యుద్ధం అని వేషాలతో చెప్పాల్సిన పనే లేదు.

2020 నాటికి సలామిస్ జరిగి దాదాపు 2,500 ఏళ్లు. ఆ జులైలో గ్రీసు జాతీయ నాటకశాల ఎపిడారస్ పురాతన రంగస్థలంలో 'పర్షియన్లు' ఆడింది. కరోనా వల్ల సీట్లు తగ్గించారు. ఒక ప్రదర్శనను ఇంటర్నెట్‌లో లైవ్ ఇచ్చారు. ఎపిడారస్ నుంచి అలా లైవ్ రావడం అదే మొదటిసారి.

దర్శకులకు ఇప్పటికీ తేలని చిక్కు చివరి 170 పంక్తులు. జెర్క్సీస్ వచ్చాక కథ ముందుకు నడవదు, రాజు ఒక కేక, కోరస్ ఒక కేక, మధ్యలో చచ్చినవాళ్ల పేర్లు. వాటిలో చాలా కేకలకు నిఘంటువు అర్థం కూడా లేదు. అక్కడ కత్తెర వేస్తే జెర్క్సీస్ బోనులో నిలబడ్డ ముద్దాయిలా మిగిలిపోతాడు, విజయగీతం అన్నవాళ్ల మాట గట్టిపడుతుంది. మొత్తం ఉంచి, పాటగా, గుండెలు బాదుకుంటూ చేయిస్తే మూడొంతుల మంది ప్రేక్షకులకు అతని తప్పేమిటో కాసేపు గుర్తుండదు. కాకపోతే మిగతా ఒక వంతు మంది టైమ్ చూసుకుంటారు.